మడమ శూల: కారణములు, ఇంటియందు చేసికొనదగిన ఉపశమనములు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గ్రామస్థుల యెదుట చదువబడిన ప్రసంగ పాఠము)

 

రజతోత్సవ సభలలో భాషను గూర్చియు, దేశమును గూర్చియు, గ్రంథములను గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. అట్టి సభలో మడమ నొప్పిని గూర్చిన ప్రసంగ మేమని కొందరికి తోచవచ్చును. కాని ఏ సభకైనను వచ్చు పెద్దలలో ఎందరు మెట్టెక్కునప్పుడు గోడ పట్టుకొందురో, ఎందరు కూర్చుండి లేచిన పిమ్మట మొదటి నాలుగడుగులు కుంటుదురో గమనించినవారికి ఈ సందేహము కలుగదు. మడమ నొప్పి ప్రాణము తీయు వ్యాధి కాదు. అందుచేతనే దానిని ఎవరును లెక్కచేయరు. లెక్కచేయనందుచేత దానికి ఇంటికొక వైద్యము పుట్టినది. ఆ వైద్యములలో కొన్ని మేలైనవి, కొన్ని నిరపాయమైనవి, ఒకటి రెండు మాత్రము కాలికే ముప్పు తెచ్చునవి. వీనిని వేరుచేసి చెప్పుటకే ఈ ప్రసంగము.

పాదమునందు 26 ఎముకలు కలవు. వానిలో పెద్దది మడమ ఎముక. పిక్క కండరములు క్రిందికి దిగి, సన్నబడి, ఒక గట్టి త్రాడువలె మారి మడమ ఎముక వెనుకభాగమున అతుకుకొనును. మడమ పైన వెనుకవైపు రెండు వ్రేళ్లతో పట్టుకొన్నచో చేతికి దొరకునది ఇదియే. జనులు దీనిని మడమ నరమందురు గాని ఇది నరము కాదు, స్నాయువు. వైద్యులు దీనికి అకిలీస్ స్నాయువని పేరిడిరి. గ్రీకుల గాథలో అకిలీస్ అను వీరుని అతని తల్లి శైశవమున మడమ పట్టుకొని స్టిక్స్ నదిలో ముంచెనట. నీరు తగిలిన మేనంతయు వజ్రమైనది. చేతిలో నుండి తడియని మడమ ఒక్కటియే అతనికి మృత్యుస్థానమైనది. దుర్యోధనునకు తొడ యెట్టిదో అకిలీసునకు మడమ యట్టిది.

ఈ స్నాయువునకును ఎముకకును నడుమ ఒక చిన్న సంచి కలదు. లోపల జిగురుగల ద్రవము కొద్దిగా ఉండును. స్నాయువు కదలినప్పుడెల్ల ఎముకమీద ఒరసికొనకుండ చేయుట దీని పని. బండి ఇరుసునకు కందెన యెట్టిదో ఈ సంచి మడమకు అట్టిది. స్నాయువునకును చర్మమునకును మధ్య, వెలుపలివైపున, ఇట్టిదే మరియొక సంచి ఏర్పడుచుండును. ఈ సంచులను వైద్యులు బర్సా అనియు, అవి వాచి నొప్పి పుట్టించుటను బర్సైటిస్ అనియు అందురు. సంచి వాచినచో లోపలి ద్రవము పెరుగును, గోడలు దళసరియగును, ఇరుకైన ఆ చోట ప్రతి అడుగునకును అది నలుగును. నలిగిన కొలది వాపు, వాచిన కొలది నలుగుట. మడమ వెనుక నొప్పి తనంతట తాను త్వరగా పోకుండుటకు ఇదియే కారణము.

మడమ నొప్పి పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితయందు వాతకంటకమను పేరు కనబడుచున్నది. ఎగుడుదిగుడు నేలమీద పాదము అపక్రమముగా ఉంచుటచే వాతము చీలమండను ఆశ్రయించి పుట్టించు నొప్పి యని దాని లక్షణము. వాతమను మాటను ఇప్పటి వైద్యులు అంగీకరింపకపోవచ్చును. కాని అడుగు వేయు తీరులోనే రోగమున్నదని గుర్తించిన చూపు మాత్రము మెచ్చదగినది.

మడమ నొప్పి యనగా ఒక్కటి కాదు. ఉదయమున మంచము దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగుభాగమున మేకు గ్రుచ్చినట్లుండి, పది అడుగులు నడచిన పిమ్మట తగ్గునది ఒకటి. ఇది అరికాలి క్రింద మడమ నుండి వ్రేళ్లవరకు పరచుకొన్న గట్టి పట్టీకి సంబంధించిన బాధ. వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అందురు. ఇండ్లలో మట్టినేలలు పోయి నాపరాయియు పాలరాయియు వచ్చినవి. వానిపై దినమంతయు వట్టికాళ్లతో నిలిచి పనిచేయు గృహిణులకును, బీసెంటు రోడ్డు దుకాణములలో ఉదయము నుండి రాత్రివరకు నిలువుకాళ్లపై నుండు గుమాస్తాలకును ఇది విశేషముగా కనబడును. వీరిని చిత్రము తీయించినచో మడమ ఎముకకు ముల్లువంటి పెరుగుదల కనబడవచ్చును. ఎముక పెరిగినదని విని భయపడి, కోయించుకొనకున్న నడక పోవునని బెంగపెట్టుకొనువారు పెక్కుమంది. అట్టి ముల్లు ఏ నొప్పియు లేనివారి మడమలలోను కనబడుచుండును. నొప్పికి అదియే కారణమని తలచుట పొరపాటు.

సంచి వాపు వేరు. నొప్పి మడమ అడుగున కాక వెనుక, స్నాయువు అతుకుకొన్న చోటికి కొంచెము పైన ఉండును. స్నాయువునకు రెండు ప్రక్కల వ్రేళ్లతో నొక్కినచో చురుక్కుమనును. అచ్చట వెచ్చగాను, ఎఱ్ఱగాను, మెత్తని ఉబ్బుగాను ఉండవచ్చును. మెట్లెక్కునప్పుడును, ఎత్తునకు నడచునప్పుడును, మునివ్రేళ్లమీద లేచునప్పుడును ఎక్కువగును. వెనుక అంచుగల బూటు తొడిగినచో ఓర్వరాదు. వెనుక కట్టులేని చెప్పు తొడిగినచో కొంత హాయి. ఈ గుర్తులు కలిసినచో సంచి వాపని చాలవరకు తలంపవచ్చును.

కారణములలో మొదటిది ఒరపిడి. 1928లో స్వీడను దేశపు శస్త్రవైద్యుడు పాట్రిక్ హాగ్లండ్, మడమ ఎముక వెనుక పైమూల ఉబ్బియున్నవారికి గట్టి బూట్ల అంచు ఒరసికొని వచ్చు బాధను వర్ణించెను. ఆ ఉబ్బు నేటికిని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. పుట్టుకతో మడమ అట్లున్నవారు బూటును మార్చుకొనవలెనే గాని మడమను బూటునకు లోబరచ రాదు. పిల్లలకు వచ్చు యేటికి కూడ సరిపోవలెనని పెద్దవి కొని, అవి జారుచు మడమను గీరుచుండగా కొత్త బూటు కరచుట సహజమని ఓదార్చుట తల్లిదండ్రులకు అలవాటు. జారు బూటును ఒరసికొనును, బిగువు బూటును ఒరసికొనును.

రెండవది అలవాటులేని శ్రమ. స్నాయువు బలమైనదే, నడకలో అది దేహభారమునకు మించిన బలమును మోయును, పరుగులో మఱెన్నియో రెట్లు మోయును. కాని దానికి బలము మెల్లమెల్లగా వచ్చును. ఆరు మాసములు కదలక కూర్చున్నవాడు, చక్కెర వ్యాధికి నడకయే మందని వైద్యుడు చెప్పగా మరునాటి తెల్లవారుజాముననే ప్రకాశం బ్యారేజి మీద ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డునకు రెండేసి మారులు పోయివచ్చును. ఆనకట్ట నిడివి 1,223 మీటర్లకు పైబడియున్నది. రెండు మారులు పోయివచ్చునప్పటికి దాదాపు 5 కిలోమీటర్లగును. వారము తిరుగకముందే మడమ పట్టుకొని, నడక తనకు సరిపడదని తీర్మానించుకొని మరల కుర్చీలో కూర్చుండును. నడకది కాదు దోషము, తొందరది. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరములవంటి సందర్భములలో ఒక్కనాడు దూరము నడచుటయు, మండలము రోజులు వట్టికాళ్లతో భవానీ దీక్ష వహించి మార్గశిరమున ఇంద్రకీలాద్రి చేరుటయు ఇట్టివే. అలవాటున్న కాళ్లకు అవి శ్రమ కావు. లేని కాళ్లకు శ్రమయే. వేసవి యంతయు పనిలేక, తొలకరి తరువాత ఊడ్పులకు ఒక్కసారిగా చేలలో దిగు కూలి స్త్రీల విషయమును ఇంతే. బురదలో దిగబడిన పాదమును ప్రతి అడుగునకు పైకి పెరికి తీయుటలో పిక్కమీద పడు బలము గట్టునడకలో పడదు.

మూడవ కారణమును కొంచెము నిదానించి తెలిసికొనవలెను, ఏలయన ఉపశమనమంతయు దీనిమీదనే ఆధారపడియున్నది. పాదము ముందుభాగము ముంగాలివైపు పైకి వంగినపుడు స్నాయువు బిగిసి, మడమ ఎముక పైమూలకు వ్రేలాడి, నడుమనున్న సంచిని అదుమును. మడమ కొంచెము ఎత్తుగా నున్నపుడు స్నాయువు సడలి సంచికి చోటు దొరకును. నిట్టమెట్లు ఎక్కునప్పుడును, గట్టు ఎక్కునప్పుడును, మడమలు నేలకానించి గొంతుకు కూర్చుండునప్పుడును మడమ క్రిందికిని ముంగాలు ముందుకును పోవును గదా, సంచి నలుగును. ఆరోగ్యవంతునకు ఇందువలన బాధ లేదు. వాచిన సంచికి మాత్రము ఇది శిక్ష. ఉండవల్లి గుహల మెట్లెక్కునప్పుడు మూలిగినవాడే సమనేలమీద హాయిగా నడచుటకు మర్మమిది.

మడమ వాపు ఒక్కొక్కప్పుడు శరీరములోని మఱియొక వ్యాధికి సూచన కూడ. రక్తములో యూరికామ్లము పెరిగి కీళ్లను పట్టు గౌటు, చేతివ్రేళ్ల కీళ్లను వాచజేయు కీళ్లవాతము, యువకులకు తెల్లవారుజామున నడుము బిగిసి మేల్కొలుపు వెన్నెముక వ్యాధి, ఇవి మడమను కూడ పట్టును. రెండు మడమలును ఒకేసారి నొచ్చి, ఉదయమున నడుము పట్టేసిన యువకుడు చెప్పులు మార్చి ప్రయోజనము లేదు, రక్తపరీక్ష చేయించుకొనవలెను. సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు వాడుచుండగా స్నాయువు నొప్పి మొదలైనను ఆ సంగతి వెంటనే వైద్యునకు తెలుపవలెను.

1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పడవమీద గ్రంథాలయము నడపిన కాలమున ఈ డెల్టాలో దూరప్రయాణము పడవలో, దగ్గర ప్రయాణము మెత్తని కాలువకట్టలమీద. ఆ కాలమున మడమ నొప్పి లేదని కొందరు పెద్దలు చెప్పుదురు. ఉండకపోలేదు. నొప్పి ఉన్నవాడు చెప్పుకొనుటకు తీరిక ఉండెడిది కాదు.

ఇక ఉపశమనము. అన్నిటికంటె ముందు నలుగుటను ఆపవలెను. ఇది చేయక ఏ లేపము పూసినను, ఏ మాత్ర మ్రింగినను చిల్లికుండలో నీరు పోసినట్లే. ఒరసికొను బూటును విడిచి, వెనుక అంచులేని మెత్తని చెప్పు తొడుగవలెను. ఇంటిలోపల కూడ తొడుగుట మంచిది. లోపలి వాడకమునకు వేరుగా ఒక జత ఉంచుకొన్నచో శుభ్రతకు లోపము రాదు. మడమ క్రింద సుమారు ఒక సెంటీమీటరు ఎత్తుగల మెత్త ఉంచినచో స్నాయువు సడలును. దుకాణములలో దొరకునది లేకున్నను, పాత రబ్బరు చెప్పు నుండి మడమ ముక్క కోసి, ముందువైపు వాలుగా చెక్కి, చెప్పునకు అంటించుకొనవచ్చును. నొప్పి ఒక కాలికే యున్నను మెత్త రెండు చెప్పులకును వేయవలెను. లేకున్న నడుము వంకరపోవును.

విశ్రాంతి యనగా మంచమెక్కుట కాదు. ఎత్తులు, మెట్లు, పరుగు, గొంతుకు కూర్చుండుట మానిన చాలును. కూలిపనివారికి ఇది చెప్పినంత సులభము కాదు. అయినను ఊడ్పులలోనే యుండవలసినవారు నారు అందించు పని, గట్టుమీది పని కొన్నాళ్లు కోరి తీసికొనవచ్చును. ముఠా మేస్త్రులు ఇంతమాత్రము సర్దుబాటు చేయుట న్యాయము. వంటకు, బట్టలుతుకుటకు పీట వేసికొనవలెను. కూర్చుండు మరుగుదొడ్డి కాక కుర్చీవంటిది దొరకిన దానిని వాడవలెను.

వాపు కొత్తదై వేడిగా నున్నపుడు చల్లదనము మేలు. మంచుగడ్డ ముక్కలను గుడ్డలో చుట్టి 10 మొదలు 15 నిమిషముల వరకు, దినమునకు మూడు నాలుగు మారులు మడమ వెనుక ఉంచవలెను. మంచు దొరకనిచోట కుండనీటిలో తడిపిన గుడ్డ చుట్టి, ఆరినపుడెల్ల మార్చవలెను. మంచును నేరుగా చర్మమున కంటించరాదు. వాచిన చోటును గట్టిగా పిసుకుట, కాలితో త్రొక్కించుట కూడదు. నలిగినదానిని మరల నలుపుటయే అది. పిక్కను మాత్రము ఆముదముతోనో నువ్వులనూనెతోనో మృదువుగా మర్దించవచ్చును. పసుపు లేపము పుండులేని చర్మమునకు హాని చేయదు. దానివలన సంచి వాపు తీయునని మాత్రము నమ్మి కూర్చుండరాదు.

ఇప్పుడు ఇటుక వైద్యమును గూర్చి చెప్పవలెను. ఇటుకను నిప్పులలో కాల్చి, దానిపై జిల్లేడాకులు పరచి, ఆ వేడిమీద మడమను ఆనించుట డెల్టా గ్రామములలో మిక్కిలి ప్రసిద్ధమైన చికిత్స. చేయువారు చెడుతలంపుతో చేయుట లేదు. వెచ్చదనమునకు నొప్పి కొంతసేపు మరుగుపడుటయు నిజమే. పాత నొప్పికి, బిగుసుకొన్న పిక్కకు గోరువెచ్చని నీటి కాపడము తగినదే. కాని కాలిన ఇటుక వేడిని కొలుచువారెవరు? ఓర్చుకొనగలిగినంత వేడి యని చెప్పుదురు. ఓర్పును నిర్ణయించునది పాదపు స్పర్శ. మధుమేహము ఏండ్ల తరబడి యున్నవారికి పాదములలో స్పర్శ మెల్లగా నశించును. నశించుచున్నట్లు వారికే తెలియదు. అట్టివాని మడమ ఇటుకమీద కాలుచుండగా అతడు హాయిగా మాటలు చెప్పుచు కూర్చుండును. మరునాడు పొక్కు లేచును, చితుకును, అతడు చేలో దిగును, బురద చేరును. రక్తప్రసారము తగ్గిన కాలికి పుండు మానదు. మడమ నొప్పికని మొదలుపెట్టిన వైద్యము వ్రేళ్లో, పాదమో తీసివేయుటతో ముగియుట వైద్యశాలలలో ఎరుగని సంగతి కాదు. జిల్లేడు పాలు చర్మమును పొక్కించుటయు, కంటబడినచో చూపునకే చేటగుటయు దీనికి తోడు. సూది కాల్చి వాతలు పెట్టుట యింతకంటె చెడ్డది. ఇటుకను, వాతను విడిచిపెట్టవలెను. ఇందు సందేహము లేదు.

పాదమున స్పర్శ యున్నదో లేదో తెలిసికొనుటకు ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు ఒక సులభమైన పరీక్ష ఏర్పరచిరి. పరికరమేదియు అక్కరలేదు. రోగి కన్నులు మూసికొనవలెను. ఇంటివారొకరు చూపుడువ్రేలి కొనతో అతని రెండు పాదముల బొటనవ్రేలి, నడిమివ్రేలి, చిటికెనవ్రేలి కొనలను ఒక్కొక్కటిగా, ఈకవలె తేలికగా, ఒకటి రెండు క్షణములు తాకవలెను. నొక్కరాదు, తట్టరాదు. తాకినపుడెల్ల అతడు కుడి యనియో ఎడమ యనియో చెప్పవలెను. ఆరు చోట్లలో రెండుగాని అంతకు మించిగాని తెలియకపోయినచో స్పర్శ తగ్గినదని గ్రహించి వైద్యునకు చూపవలెను. అట్టివారు వేడి కాపడమునే కాదు, మంచును కూడ స్వయముగా ప్రయోగింపరాదు. చక్కెర వ్యాధిగల పెద్దలున్న ప్రతి ఇంట ఈ పరీక్ష నేటి రాత్రియే చేయవచ్చును; రెండు నిమిషముల పని.

మాత్రల సంగతి. పారాసిటమాల్ తగిన మోతాదులో కొద్దిరోజులు వాడవచ్చును. కాలేయవ్యాధి గలవారు, త్రాగుడు అలవాటున్నవారు ముందు వైద్యు నడుగవలెను. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాపును తీయునవే గాని కడుపులో పుండ్లున్నవారికి, రక్తపోటు, గుండెజబ్బు గలవారికి, గర్భిణులకు, మూత్రపిండములు బలహీనమైనవారికి చేటు. ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండ వ్యాధి పెట్టిన బాధ ఎరిగినవారు అంగడిలో రంగుచూచి నొప్పి మాత్రలు కొనుటకు సాహసింపరు. పైపూత మందు పూసికొనుట కొంత మేలు. రెండు రోజులలో లేపి నడపించెదనని మడమలో స్టెరాయిడ్ సూది వేయు అనర్హుల వద్దకు పోరాదు. ఆ మందు స్నాయువునకు చేరువలో పడినచో అది బలహీనపడి తెగిపోవచ్చును. అనుభవముగల వైద్యులే ఆ చోట సూది వేయుటకు వెనుకాడుదురు.

వేడియు వాపును తగ్గిన పిమ్మట పిక్కకు బలము కూర్చవలెను. 1998లో స్వీడను వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ తన సహచరులతో కలిసి ప్రకటించిన వ్యాయామము లోకమున వ్యాపించినది. మెట్టు అంచున మునివ్రేళ్లమీద నిలిచి మడమను మెట్టు క్రిందికి మెల్లగా దించుట దాని పద్ధతి. స్నాయువు నడిమిభాగపు నొప్పికి అది చక్కనిది. మడమ సంచి నొప్పిగలవారు మాత్రము మడమను మెట్టు క్రిందికి దించరాదు. కారణము పైన చెప్పబడినది. వారు సమనేలమీద గోడ పట్టుకొని నిలిచి, రెండు మడమలును ఎత్తి, మెల్లగా నేలవరకే దించవలెను. 15 మారులు చేసి కొంత ఆగి, అట్లు మూడు విడతలు, ఉదయము సాయంకాలము చేసినచో 12 వారములకు ఫలము తెలియును. మొదట ఇందులో సగము చాలును. చేయునప్పుడు కొద్దిపాటి నొప్పి యున్న భయములేదు; మరునాటి ఉదయమున నొప్పి హెచ్చినచో తగ్గించవలెను.

ఎనిమిది మొదలు పదునాలుగేండ్ల పిల్లలు కబడ్డి, పరుగుపందెములు ఆడి మడమ నొప్పి యన్నచో అది తరచు సంచి వాపు కాదు. ఆ వయస్సున మడమ ఎముక వెనుకభాగము ఇంకను పూర్తిగా అతుకుకొనదు. స్నాయువు లాగుటచే నొచ్చును. 1912లో అమెరికా వైద్యుడు సీవర్ దీనిని వర్ణించెను. కొన్ని వారములు ఆట తగ్గించి, మడమ మెత్త వేసినచో ఎముక పెరుగుటతో పోవును. పిల్లవాడు బడి తప్పించుకొనుటకు నటించుచున్నాడని దండించుట తగదు.

ఇంటి ఉపశమనము రెండు మూడు వారములు శ్రద్ధగా చేసినను తగ్గనిచో వైద్యుని చూడవలెను. కొన్ని గుర్తులకు ఒక్కరోజైనను ఆగరాదు. వెనుకనుండి ఎవరో తన్నినట్లు హఠాత్తుగా తోచి, పిమ్మట మునివ్రేళ్లమీద లేవలేకున్నచో స్నాయువు తెగినదని అనుమానింపవలెను. మడమ ఎఱ్ఱబడి, జ్వరము వచ్చి, ఎఱుపు పైకి ప్రాకుచున్నచో సంచిలో చీము చేరియుండవచ్చును. పిక్క అంతయు వాచి నొచ్చినచో సిరలో రక్తము గడ్డకట్టెనేమో చూడవలెను. మధుమేహరోగి మడమపై పుండు చిన్నదైనను ఆనాడే చూపవలెను. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలలో ఎముకల విభాగములు కలవు. శస్త్రచికిత్స పదిమందిలో ఏ కొద్దిమందికో, మాసముల తరబడి తక్కినవన్నియు చేసిన పిమ్మట మాత్రమే అవసరమగును.

వైద్యుని వద్దకు పోవునప్పుడు దినమును వాడు పాత చెప్పులను, బూట్లను సంచిలో వేసికొని పోవలెను. కొత్తవి తొడుగుకొని పోవుట మర్యాదయే గాని, అరిగిన చెప్పు చెప్పునంత సంగతి కొత్తది చెప్పలేదు. మడమ ఏవైపున అరిగినదో, వెనుక అంచు ఎచ్చట బిరుసెక్కినదో చూచినచో ఒరపిడి ఎక్కడిదో వైద్యునకు వెంటనే తెలియును.